ఇరవై గప్పీ చేపల్లో పద్నాలుగు పోయాయి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, మరి తప్పెక్కడ?

వరంగల్_గప్పీ
మార్చి 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఈ చేపల ఫోరంలో రాయడం ఇదే మొదటిసారి.

పోయిన నెల మా పాప పుట్టినరోజుకి 2 అడుగుల ట్యాంకు కొన్నాను. 10 జతల గప్పీలు వేశాం. సగం మాస్కో బ్లూ, సగం రెడ్ టక్సెడో. జత 150 రూపాయలు. మొదటి వారం భలే తిరిగాయి. తర్వాత రోజుకి ఒకటి, రెండు చొప్పున పోవడం మొదలైంది. ఇవాళ్టికి 14 పోయి 6 మిగిలాయి.

శ్రద్ధ పెట్టలేదని మాత్రం అనకండి. ప్రతి ఆదివారం నీళ్ళు మొత్తం తీసేస్తాను. గులకరాళ్ళు కడుగుతాను. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండుతాను. పోసేవి కూడా మామూలు నీళ్ళు కాదు, మేం తాగే మినరల్ వాటర్ క్యాన్లు. 20 లీటర్లవి మూడు పడతాయి. మేత రోజుకి మూడుసార్లు.

మిగిలిన వాటిలో రెండింటికి మూతి దగ్గర దూది అంటుకున్నట్టు తెల్లగా ఉంది. మిగతా నాలుగూ తోక ముడుచుకుని, ఉన్నచోటనే వణుకుతున్నాయి. షాపతను ఒక నీలం మందు సీసా, ఒక పసుపు పొడి ఇచ్చి రెండూ వెయ్యమన్నాడు. వెయ్యాలా? పొద్దున లేవగానే పాప "నాన్నా, ఇవాళ ఎన్ని?" అని అడుగుతోంది. అదొక్కటే పెద్ద టెన్షన్.

బోరునీళ్ళు
మార్చి 9, రాత్రి 10:31

ఏ మందూ వెయ్యకండి. ఈ ఆదివారం నీళ్ళు మార్చకండి. మేత రెండు రోజులు పూర్తిగా ఆపండి, ఆకలికి ఏమీ చావవు. మూతి తెల్లబడ్డ రెండింటినీ అదే ట్యాంకు నీళ్ళు పోసిన బకెట్‌లోకి తీసి గాలి గొట్టం పెట్టండి.

రేపు మూడు పనులు చెయ్యండి. క్యాన్ల ప్లాంటులో టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది) ఉంటుంది, క్యాను నీళ్ళు, మీ ఇంటి బోరు నీళ్ళు రెండూ చూపించండి. ట్యాంకు నీళ్ళ పీహెచ్, అంటే ఆమ్లగుణం ఎంతో, చూడండి. అమ్మోనియా చూసే కిట్ దొరికితే తెచ్చుకోండి. కిట్ ధర చూసి వెనక్కి తగ్గకండి, మీరు పోగొట్టుకున్న చేపల కన్నా చవకే.

గోలెం_గప్పీ
మార్చి 10, ఉదయం 6:50

ఏంటండీ ఈ మీటర్లు, కిట్లు! మా ఊళ్ళో గోలెంలో గప్పీలు ఉండేవి. ఫిల్టరు లేదు, కరెంటు లేదు, మేత కూడా లేదు. ఏటేటా పెరిగేవే గానీ తరిగేవి కావు. ఈ ఫ్యాన్సీ రకాలన్నీ బ్రాయిలర్ కోళ్ళ లాంటివి. రంగు తప్ప సత్తువ లేదు.

బోరునీళ్ళు
మార్చి 10, ఉదయం 7:15

అన్నా, మీ గోలెం మాట నిజమే. అయితే అందులో ఏముందో చూడండి. బావి నీళ్ళు, ఎండ, గోడలకి పచ్చటి పాకుడు, తినడానికి దోమ పురుగులు, అంత పెద్ద గోలెంలో పిడికెడు చేపలు. పాకుడు చేసే పని మనింట్లో ఫిల్టరు చేస్తుంది. ఇంకో సంగతి, గోలెంలో చచ్చినవాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. అడుగున పడితే మిగతావి తినేస్తాయి. అందుకే తరగనట్టు కనిపించేది.

పెద్ద తోకల రకాలు నాటు గప్పీలంత గట్టివి కావన్నది మాత్రం ఒప్పుకుంటాను.

వరంగల్_గప్పీ
మార్చి 10, రాత్రి 9:05

క్యాను నీళ్ళు టీడీఎస్ 45. మా బోరు 780. ప్లాంటతను బోరు రీడింగ్ చూసి "ఇవి తాగితే కిడ్నీలు పోతాయి సార్" అన్నాడు. పక్కింటి సారు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు, ఆయనిచ్చిన కాగితం ముంచితే పీహెచ్ 6 వచ్చింది. అమ్మోనియా కిట్‌లో నీళ్ళు పచ్చగా తిరిగాయి, చార్టులో 2 దగ్గర ఉంది.

బోరు నీళ్ళు తాగితే మాకే పడవు, చేపలకెలా పడతాయి?

బోరునీళ్ళు
మార్చి 10, రాత్రి 10:20

మీ చేపల్ని చంపింది శుభ్రత. కోపం తెచ్చుకోకండి, నేనూ మొదటి ఏడాది ఇలాగే రెండు ట్యాంకులు ఖాళీ చేశాను.

గప్పీది దక్షిణ అమెరికా ఉత్తర కొస, వెనెజులా, గయానా, ఆ పక్కనే ట్రినిడాడ్ దీవి. ఏరుల్లోనే కాదు, సముద్రపు పోటు తగిలే ఉప్పటి కయ్యల్లో కూడా బతుకుతుంది. దాని ఒంటికి కాల్షియం, మెగ్నీషియం ఉన్న గట్టి నీళ్ళు కావాలి. క్యాన్ల ప్లాంటులో ఉండే ఆర్వో మిషను ముందు తీసి పారేసేది వాటినే. మనకి కూర, పాలు, పప్పులో అవి దొరుకుతాయి, చేప మాత్రం నీళ్ళలోంచి కూడా లాక్కుంటుంది. లవణాలు లేని నీళ్ళలో దాని ఒంట్లో ఉన్నవి బయటికి పోతుంటాయి, బయటి నీరు లోపలికి చొరబడుతుంటుంది. ఉన్నచోటనే వణకడం చాలాసార్లు దాని గుర్తే.

రెండోది ఫిల్టరు. చేప విసర్జించేది అమ్మోనియా. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, ఇంకో రకం నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషం, మూడోది ఒక మోతాదు దాకా ఫర్వాలేదు. ఈ బ్యాక్టీరియా ఉండేది నీళ్ళలో కాదు, స్పాంజికి, రాళ్ళకి పట్టిన ఆ గోధుమరంగు జిగురులో. అది కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరు ప్రతి ఆదివారం క్లోరిన్ నీళ్ళ కింద పిండి మళ్ళీ మొదటికి తెస్తున్నారు. పైగా ఖాళీ ట్యాంకులో ఒకేసారి 20 చేపలు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. రేపే బోరు నీళ్ళు నింపెయ్యకండి! పీహెచ్ 6 దగ్గర అమ్మోనియా ఎక్కువ భాగం అంత హాని చెయ్యని రూపంలో ఉంటుంది. బోరు నీళ్ళు పడి పీహెచ్ ఒక్కసారిగా 8కి ఎగబాకిందంటే అదే అమ్మోనియా విషరూపంలోకి తిరుగుతుంది. రాత్రికి రాత్రి అన్నీ తేలతాయి. మొదటి మూడు రోజులూ రోజుకి 15 లీటర్లు తీసి క్యాను నీళ్ళే పొయ్యండి, ముందు అమ్మోనియా పలచబడాలి. కిట్‌లో అర కన్నా తగ్గాక రోజుకి 4, 5 లీటర్లు బోరు నీళ్ళు. పది రోజుల్లో సగం బోరు, సగం క్యాను అయ్యేలా చూసి అక్కడ ఆగండి. టీడీఎస్ 400 దగ్గర గప్పీలు హాయిగా ఉంటాయి.

స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే రెండు నొక్కులు నొక్కి పెట్టెయ్యండి. తెల్లగా రాకూడదు.

నౌపడ_కల్లుప్పు
మార్చి 11, ఉదయం 8:40

మా శ్రీకాకుళం వైపు ఏం జబ్బొచ్చినా మొదటి మందు కల్లుప్పే. లీటరుకి 1 గ్రాము. ఈయన ట్యాంకుకి 60 గ్రాములు. వంటింటి త్రాసులో తూచి, మగ్గులో పూర్తిగా కరిగించి, రోజంతా మూడు విడతలుగా పొయ్యాలి. కరిగించకుండా రాళ్ళు రాళ్ళుగా వేస్తే చేప వచ్చి వాటి మీద ఆనుకుంటుంది, ఒళ్ళు కాలుతుంది.

ఒకటి గుర్తుంచుకోండి. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు అవదు. తగ్గిన నీళ్ళు నింపేటప్పుడు మళ్ళీ ఉప్పు వెయ్యకూడదు. తీసి మార్చిన నీళ్ళకి మాత్రమే లెక్కకట్టి వెయ్యాలి.

మిద్దెతోట_అక్క
మార్చి 11, ఉదయం 11:02

ప్యాకెట్ ఉప్పు పనికిరాదా? అయోడిన్ చేపల్ని చంపుతుందని మా మరిది అంటాడు.

నౌపడ_కల్లుప్పు
మార్చి 11, మధ్యాహ్నం 1:15

అక్కా, అందులో అయోడిన్ ఎంతని! దానికి చేప చావదు. గడ్డకట్టకుండా కలిపే పొడి వల్ల నీళ్ళు కాస్త మసకబారతాయి, అంతే. కల్లుప్పు చవక, అందుకే చెబుతాను. ట్యాంకులో మొక్కలుంటే మాత్రం ఏ ఉప్పయినా ఆలోచించి వెయ్యండి, కొన్ని కుళ్ళిపోతాయి.

ఆర్టీమియా_భీమవరం
మార్చి 11, సాయంత్రం 6:30

మూతి మీద తెలుపు గురించి ఎవరూ చెప్పలేదు. చూడ్డానికి బూజులా ఉంటుంది గానీ చాలాసార్లు అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. వేడి పెరిగేకొద్దీ వేగంగా పాకుతుంది. "జబ్బు చేసింది కదా" అని హీటర్ పెంచేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. బకెట్ చల్లటి చోట పెట్టండి, 24, 25 డిగ్రీలు చాలు. ఆ బకెట్లో ఉప్పు లీటరుకి 3 గ్రాముల దాకా మెల్లగా పెంచండి. అదీ ఒక్కోసారి పనిచెయ్యదు, యాంటీబయాటిక్ కావాల్సి వస్తుంది. దానికి చేపల జబ్బులు తెలిసిన పశువైద్యుణ్ణి అడగండి.

నీలం మందు మిథిలీన్ బ్లూ అయ్యుంటుంది. గుడ్ల మీద బూజుకి మంచిదే. పెద్ద ట్యాంకులో వేస్తే ఫిల్టర్ బ్యాక్టీరియా పోతుంది, అద్దాల అంచున ఉన్న సిలికాన్ జన్మంతా నీలంగానే ఉంటుంది. పేరు రాయని పసుపు పొడి ఏదైనా సరే, వెయ్యకండి.

డల్లాస్_తోక
మార్చి 12, ఉదయం 5:48

కుళాయి నీళ్ళు ఒక రాత్రి బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుందని ఇక్కడ చాలామంది రాస్తారు. మామూలు క్లోరినైతే నిజమే. మా డల్లాస్‌లో కలిపేది క్లోరమైన్, అది రాత్రి ఉంచినా పోదు. మా నాన్నగారు విజయవాడలో 30 ఏళ్ళు అలాగే పెంచారు కదా అని నేనూ అలాగే చేసి మొదటి బ్యాచ్ మొత్తం పోగొట్టుకున్నాను. విదేశాల్లో ఉన్నవాళ్ళు క్లోరిన్ తీసేసే డీక్లోరినేటర్ చుక్కలు వాడండి, నాన్నగారి పద్ధతి నమ్ముకోకండి.

వరంగల్_గప్పీ
మార్చి 24, రాత్రి 9:30

బకెట్లో ఉన్న రెండూ పోయాయి. ట్యాంకులో ఉన్న నాలుగూ బతికాయి. ఒక మగది, మాస్కో బ్లూ. మూడు ఆడవి. వణుకు పోయింది. తోక విప్పాయి. అమ్మోనియా సున్నా, నైట్రైటు కొంచెం చూపిస్తోంది.

నీళ్ళు మునుపటంత మెరవడం లేదు. కొద్దిగా టీ రంగు. మా ఆవిడ "ఇంత మురికిలో పెడితే బతికాయా!" అంటోంది.

బోరునీళ్ళు
మార్చి 24, రాత్రి 9:44

రాత్రిపూట ట్యాంకు దగ్గర టీ కప్పు పెట్టకండి, పొరపాటున మార్చి తాగేస్తారు :) నైట్రైటు కనిపించిందంటే రెండో రకం బ్యాక్టీరియా దారిలో ఉందన్నమాట. ఇంకో రెండు వారాలు కొత్త చేపలు తేవద్దు. షాపు పక్క నుంచి వెళ్ళొద్దు. మేత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో అయిపోయేంత. వారానికి పావు వంతు నీళ్ళు మారిస్తే చాలు.

వరంగల్_గప్పీ
ఏప్రిల్ 13, ఉదయం 6:20

ఇవాళ పొద్దున పిల్లలు! పాప లెక్కపెట్టింది, 23. కనుగుడ్డు తప్ప ఒళ్ళంతా గాజులా ఉన్నాయి. నాకొక అనుమానం. మగది పోయిన వారమే ట్యాంకులోంచి ఎగిరి కింద పడి పోయింది, మూత పెట్టలేదు నేను. మరి పిల్లలెలా?

ఆర్టీమియా_భీమవరం
ఏప్రిల్ 13, ఉదయం 7:05

గర్భం 3 నుంచి 4 వారాలు, కాబట్టి వారం కింద పోయిన మగదాని పిల్లలే అయ్యుండొచ్చు. కాకపోయినా ఆశ్చర్యం లేదు. ఆడ గప్పీ ఒకసారి కలిశాక మగదాని బీజాన్ని నెలల తరబడి లోపల దాచుకుంటుంది. మగది లేకపోయినా ఇంకా రెండు మూడు కాన్పులు చూస్తారు.

ముందు పిల్లల్ని తల్లుల నుంచి కాపాడండి, సొంత పిల్లలని కూడా చూడకుండా తినేస్తాయి. ప్లాస్టిక్ వల డబ్బాలో తల్లిని బిగించకండి, బెదిరిపోతుంది. జావా మాస్ అనే నాచు మొక్క గానీ, చెరువులో దొరికే నాచు బాగా కడిగి గానీ గుప్పెడు వేస్తే పిల్లలు అందులో దాక్కుంటాయి.

మేతకి ఆర్టీమియాని, అంటే ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి జీవిని, మించింది లేదు. నేను రొయ్యల హేచరీలో పనిచేస్తాను. మా దగ్గర రొయ్య పిల్లలకి పెట్టేది ఇదే, డబ్బాల కొద్దీ పొదిగిస్తాం. ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్ళకి 25 గ్రాముల కల్లుప్పు, అర చెంచా ఆర్టీమియా గుడ్లు. గాలి గొట్టం కింది కొస దాకా వెళ్ళాలి, ఏ గుడ్డూ అడుగున కూర్చోకూడదు. దగ్గర్లో బల్బు వెలగాలి. 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పొదుగుతాయి. అప్పుడు గాలి ఆపండి. పది నిమిషాల్లో పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు కిందకి, వెలుతురు వైపు చేరతాయి. వాటినే సన్న గొట్టంతో గుడ్డలోకి లాగి, మంచినీళ్ళతో కడిగి వెయ్యండి. పెంకులు వెళ్ళకూడదు, గప్పీ పిల్లల పేగులో అడ్డుపడతాయి. పొదిగిన కొద్ది గంటల్లోనే పెట్టండి, ఆలస్యమైతే వాటి ఒంట్లో ఉన్న సొన వాటికే ఖర్చయిపోతుంది.

మిద్దెతోట_అక్క
ఏప్రిల్ 13, ఉదయం 9:12

ఇంత హడావుడి కుదరనివాళ్ళు ఉడికిన గుడ్డు పచ్చసొన ఆవగింజంత గుడ్డలో కట్టి నీళ్ళలో పిండండి. ఆవగింజంతే! నేను శనగగింజంత వేసి ఒక బ్యాచ్‌ని నీళ్ళు కుళ్ళబెట్టి చంపుకున్నాను.

వరంగల్_గప్పీ
మే 17, మధ్యాహ్నం 2:10

అర్జెంటు. బయట 44. ట్యాంకు నీళ్ళు 34. పిల్లలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఐసు వెయ్యనా?

బోరునీళ్ళు
మే 17, మధ్యాహ్నం 2:16

ఐసు వద్దు. మూత తియ్యండి, దోమల వల కప్పండి, టేబుల్ ఫ్యాను గాలి నీళ్ళ పైభాగానికి ఏటవాలుగా తగిలేలా పెట్టండి. ఆవిరయ్యేకొద్దీ 2, 3 డిగ్రీలు దిగుతుంది. ఎయిర్ పంపు ఫుల్. లైటు ఆపండి. ఇవాళ మేత వద్దు.

అవి నోళ్ళు తెరిచేది గాలి కోసం. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 35 దగ్గర 7కి దిగుతుంది. అదే సమయంలో చేపకి కావాల్సింది పెరుగుతుంది. కరెంటు పోతుందని తెలుసు కాబట్టి బ్యాటరీ సెల్లు మీద నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకోండి. అది లేనప్పుడు మగ్గుతో నీళ్ళు ముంచి జానెడు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి.

గోలెం_గప్పీ
మే 17, సాయంత్రం 5:40

గోలెం అయితే చెమ్మకి చల్లగా ఉండేది. చెప్పానా లేదా?

బోరునీళ్ళు
మే 17, సాయంత్రం 5:52

ఈ ఒక్కటీ మీదే గెలుపు అన్నా.

వరంగల్_గప్పీ
మే 26, రాత్రి 8:15

మొత్తం 19 నిలిచాయి. రంగులు తేలుతున్నాయి. నేననుకున్నది సగం బ్లూ, సగం రెడ్ వస్తాయని. తీరా చూస్తే మగవాటిలో కొన్ని మసక నీలం, కొన్ని నడుము నుంచి తోక దాకా నలుపు, రెండింటికి పాము చర్మంలా గీతలు! మా దగ్గర ఆ రకమే లేదు.

రెడ్‌లేస్_నెల్లూరు
మే 26, రాత్రి 9:40

ఈ చర్చలోకి ఆలస్యంగా వచ్చాను, నాకు నచ్చిన సంగతి దొరికింది.

పాము గీతల్ని కోబ్రా అంటాం. ఆ లక్షణం ఎక్కువగా మగవాటి వై క్రోమోజోము మీద వస్తుంది, తండ్రి నుంచి కొడుకుకి నేరుగా. అంటే షాపు ట్యాంకులో మీ ఆడవాటితో ఒక కోబ్రా మగది కలిసింది. మీ ఇంటికి రాకముందే అవి దాని బీజాన్ని లోపల దాచుకుని ఉన్నాయి. షాపుల్లో అన్నీ కలిపే పోస్తారు, "జత" అని అమ్మినా ఆ జతకి తాళి కట్టినవాళ్ళెవరూ లేరు.

తండ్రి నుంచి కొడుక్కే వెళ్ళే లక్షణం ఉంటుందని ష్మిట్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1920లోనే గప్పీలో చూపించాడు. తర్వాత అదే దేశపు శాస్త్రవేత్త వింగె దాన్ని ముందుకు తీసుకెళ్ళాడు. ఇక ఎండ్లర్ అనే జీవశాస్త్రవేత్త ట్రినిడాడ్ ఏరుల్లో చూసింది ఇంకా సొగసైన సంగతి. వేటాడే పెద్ద చేపలు ఉన్న మడుగుల్లో మగ గప్పీలకి మచ్చలు తక్కువ, అవి లేని ఎగువ మడుగుల్లో రంగులు ఎక్కువ. 1980లో అచ్చయిన ఆయన ప్రయోగంలో శత్రువు లేని చోటికి మార్చిన గప్పీలు కొద్ది తరాల్లోనే రంగు తేలాయి. మన డ్రాయింగ్ రూమ్ ట్యాంకులో శత్రువు లేడు, ఎంచుకునేది మనమే. మనం ఎంచుకోకపోతే కొన్ని తరాల్లో మళ్ళీ గోలెం గప్పీలే మిగులుతాయి.

రకం నిలబెట్టాలంటే పిల్లల్ని 4 వారాలకే విడదియ్యాలి. ఆడదానికి పొట్ట చివర నల్ల మచ్చ కనిపిస్తుంది, మగదానికి కింది రెక్క సన్నటి పుల్లలా మారుతుంది. మీవాటికి ఇప్పుడు 6 వారాలు, సగం ఆడవి ఇప్పటికే గర్భంతో ఉండుంటాయి. ఈ బ్యాచ్‌ని వదిలెయ్యండి, ఊరికే చూసి సంతోషపడండి. ఒక ట్యాంకులో ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకపోతే మగవి తరిమి తరిమి ఆడవాటిని అలసటతోనే చంపుతాయి. నా మాటగా చెప్పాలంటే కొత్తవాళ్ళు మగవి మాత్రమే పెంచుకోవడం ఉత్తమం. రంగంతా అక్కడే ఉంది, పిల్లల గొడవ ఉండదు.

వరంగల్_గప్పీ
జులై 6, రాత్రి 9:20

అన్నా, ఇప్పుడు 90 దాటాయి. రెండో ట్యాంకు కొంటే మా ఆవిడ నన్ను అందులో వేస్తానంది. ఎక్కువైనవాటిని భద్రకాళి చెరువులో వదిలేద్దామనుకుంటున్నా. పుణ్యం కూడా.

బోరునీళ్ళు
జులై 6, రాత్రి 9:33

పుణ్యం కాదు, దయచేసి వద్దు. ఒక్క ఆడది చాలు చెరువు నింపడానికి, మీరే చూశారుగా. మన నాటు చిన్నచేపల మేతకి పోటీ వస్తాయి, వాటి పిల్లల్ని తింటాయి, మన ట్యాంకు జబ్బులు చెరువుకి అంటుతాయి. దోమల కోసమని వదిలిన గప్పీలు, గంబూసియా చేపలు ఇప్పటికే చాలా దేశాల్లో తలనొప్పిగా మారాయి.

మిద్దెతోట_అక్క
జులై 6, రాత్రి 10:01

మా మిద్దె మీద తామర తొట్లు ఆరున్నాయి, బయటికి నీళ్ళు పోయే దారి లేనివి. దోమ పురుగులతో చస్తున్నాను. నాకో 20 ఇవ్వండి తమ్ముడూ, మాది కాజీపేటే. తొట్టికి మూడు చొప్పున చాలు. మిగతావి స్కూల్లో పంచుదాం.

వరంగల్_గప్పీ
జులై 8, రాత్రి 10:40

అక్క వాళ్ళింటికి వెళ్ళి 25 ఇచ్చి వచ్చాం. రెండు జామ మొక్కలు, సంచెడు గోంగూర వచ్చాయి బదులుగా. షాపతను 30 తీసుకుని మేత డబ్బా ఇచ్చాడు. ఆ షాపులోనే ఒక కుర్రాడు 10 జతలు బేరం చేస్తున్నాడు. మా పాప వెళ్ళి "అన్నా, మీ ఇంట్లో బోరుందా?" అని అడిగింది.

ఆ కుర్రాడు నాలుగు జతలే కొన్నాడు. ఈ చర్చ లింకు పంపాను.